మూడు షిఫ్టుల వైద్యం

ఇస్నాపూర్‌లో కిరాయికున్న ఆ కాలంలో మా ఇంట్లో గడియారం లేదు, అవసరమూ పడలేదు. ఒక కంపెనీ సైరన్ మోగితే పొయ్యి వెలిగించేదాన్ని, ఇంకొకటి మోగితే బిందె తీసుకుని నల్లా దగ్గరికి పరుగెత్తేదాన్ని. గాలి వీచే దిక్కును బట్టి ఏ కంపెనీలో ఏం ఉడుకుతోందో ముక్కుతోనే చెప్పేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నెల తిరిగేసరికి వాళ్లకూ అలవాటైపోయేది. ఇప్పుడు ఆ దారిన బస్సులో పోతుంటే అందరిలాగే నేనూ కిటికీ మూస్తాను. కానీ మూసే ముందు ఒక్కసారి గట్టిగా పీల్చి చూస్తాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ, ఆ పాడు వాసనంటే నాకు ప్రేమ.

ఓనరమ్మ తన ఇంటి వెనక పెరట్లో వరుసగా రేకుల రూములు వేయించి కిరాయికిచ్చింది. ఒక చివర మేము. మా పక్క రూములో ఒరిస్సా నుంచి వచ్చిన ముగ్గురు, ముగ్గురిదీ నైట్ షిఫ్టు. ఆ చివర మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక ఫిట్టరు, ఆయనది ఫస్ట్ షిఫ్టు. మా ఆయనది అప్పట్లో సెకండ్ షిఫ్టు. నేను మాత్రలను డబ్బాలకెత్తే ఒక చిన్న షెడ్డులో జనరల్ షిఫ్టు చేసేదాన్ని. పొద్దున నేను పోయేటప్పుడు మా ఆయన నిద్రలో ఉండేవాడు, ఆయన వచ్చే వేళకు నేను నిద్రలో ఉండేదాన్ని. మొగుడూ పెళ్లాలమన్న మాటే గానీ, ఆయనకు కూర నచ్చిందో లేదో నేను గిన్నె మూత తీసి తెలుసుకోవలసిందే. ఆ వరుసలో అందరిదీ అదే బతుకు. ఒకే నల్లా నీళ్లు తాగుతూ, ఒకరి ముఖం ఒకరం చూడకుండా వారాలు గడిపేవాళ్లం.

అలాంటి రూముకు మా మామ, మా ఆయన నాయిన, వచ్చాడు. మా ఊరు అక్కడికి దగ్గరే. పంపకాల్లో ఊరి ఇల్లు మా బావకు పోయింది, మా అత్త పోయిన మరుసటి ఏడు చేను కంపెనీకి పోయింది. చేను లేని ఊళ్లో పొద్దుపోక, పెద్ద కొడుకు గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉండలేక, ఒకనాడు మా ఆయన వెంట నడిచి వచ్చేశాడు. ఆయన వెంట ఒక రేకు పెట్టె, గొంగడి, నల్ల కుక్క వచ్చాయి. కుక్కకు మెడ కింద అరచేయంత తెల్లమచ్చ ఉండేది. పేరు లేదు. మామ "ఓయ్" అంటే వచ్చేది, ఇంకెవరు ఓయ్ అన్నా చెవి కూడా కదిపేది కాదు.

నాకు కోపం వచ్చింది. ఉన్నది ఒక రూము, దానికి తోక లాంటి వంటచోటు. మామకు మంచం వేస్తే నేను తలుపు పూర్తిగా తీయలేను. కుక్క ఎక్కడ పడుకోవాలి, నా నెత్తి మీదనా అని మా ఆయన మీద ఎగిరాను. మామ మీద ఎగిరే ధైర్యం లేక కాదు, ఆయన అంత మెత్తగా ఉంటే ఎగరడానికి మనసు రాలేదు. కానీ ఆ కుక్క నన్ను వారంలోనే లొంగదీసుకుంది. సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే దారిలో కల్లు కాంపౌండు ఉండేది. దాని ముందు నుంచి నడవాలంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. ఒకనాడు చూస్తే కాంపౌండు మలుపులో ఈ నల్లది కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, తోక కూడా ఊపకుండా, డ్యూటీలో ఉన్న వాచ్‌మన్ లాగా నా ముందు నడిచింది. ఆ తర్వాత ఏ తాగుబోతూ నాతో పరాచికాలాడలేదు. కోపం పోయింది, రొట్టె చేస్తే మొదటిది దానికే వేయడం మొదలుపెట్టాను.

మామ రోజూ పొద్దున్నే కుక్కను తీసుకుని బయలుదేరేవాడు. "చేనుకు పోయొస్త బిడ్డా" అనేవాడు. చేను ఎక్కడిది మామా, అమ్మేశాం కదా అని మేమెవరం అనలేదు. పెద్ద రోడ్డు దాటి కంపెనీల వెనకకు పోతే ఆ భూమి వస్తుంది. కొన్నవాళ్లు రాతి కడీలు పాతి, ముళ్లతీగ చుట్టి, లోపల ఏమీ కట్టకుండా వదిలేశారు. మా బావి ఇంకా అందులోనే ఉంది. మామ తీగ బయట కూర్చునేవాడు. కుక్కకు తీగలతో పనేముంది? అది కింది నుంచి దూరి, బావి దాకా తన పాత తోవనే పోయి, చుట్టూ తిరిగి, గట్ల మీద ఉడుతలను తరిమి, మళ్లీ దూరి వచ్చేది. అది తిరిగి వచ్చేదాకా చూసి మామ ఇంటికి వచ్చేవాడు. వచ్చి, చేనులో గడ్డి ఎంత ఎత్తు పెరిగిందో, బావిలో నీళ్లు ఎంత పైకొచ్చాయో చెప్పేవాడు. ఇవన్నీ కుక్క చూసి వచ్చి ఆయనతో చెప్పిందని నేను మా ఆయనతో ఎగతాళిగా అనేదాన్ని. నిజానికి అలాగే ఉండేది.

వానాకాలం మొదట్లో ఒకనాడు తీగ కిందికి వంగింది కాబోలు, దూరుతున్నప్పుడు కుక్క వీపు చీరుకుపోయింది. మెడకూ వీపుకూ మధ్య జానెడు పొడవున తెగింది. మామ తన తలగుడ్డతో అదిమిపట్టుకుని ఇంటికి తెచ్చాడు. మేము పెద్దగా పట్టించుకోలేదు. కుక్క పుండును కుక్కే నాక్కుంటుంది, దానంతటదే మానుతుంది అనుకున్నాం. నాలుక అందే చోటయితే అది నిజమే. ఇది అందని చోటు. పాపం, అది తల తిప్పి తిప్పి, చుట్టూ తిరిగి తిరిగి, అలసిపోయి పడుకునేది. వాన, ఈగలు, బురద. నాలుగు రోజులు తిరిగేసరికి పుండులో పురుగులు పడ్డాయి.

పురుగులు పడ్డ పుండు వాసన ముందు ఇస్నాపూర్ కంపెనీల వాసన అత్తరు కింద లెక్క. కుక్కకు తెలుసేమో, తనంతట తానే రూము ముందు నుంచి లేచి పెరటి మూలలో ఓనరమ్మ కట్టెలు పెట్టుకునే రేకుల పందిరి కిందికి పోయింది. మామ గొంగడి తీసుకుని దాని వెనకే పోయాడు. కుక్క తిండి మానేసింది, మామ కూడా మానేశాడు. రొట్టె పెడితే "తర్వాత తింట బిడ్డా" అనేవాడు. నేను పని నుంచి వచ్చేసరికి రొట్టె ఎండి అలాగే ఉండేది, దాని మీద చీమలు. మా ఆయన భయపడిపోయాడు. అమ్మ పోయింది, చేను పోయింది, ఇప్పుడిది కూడా పోతే నాయిన దక్కడు అన్నాడు నాతో. అంత మొండి మనిషి కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి.

ఇవన్నీ చాలవన్నట్టు ఓనరమ్మ వచ్చింది. మంచి మనిషే గానీ నోరు పెద్దది. ముక్కుకు కొంగు కట్టుకుని పందిరి ముందు నిలబడి, ఈ కంపుకు కిరాయిదారులు లేచిపోతారని, అమావాస్య దాకా చూస్తానని, అప్పటికీ ఇది ఇలాగే ఉంటే ఎక్కడైనా వదిలిపెట్టి రావలసిందేనని చెప్పింది. మామ ఆమె వైపు చూడలేదు. కుక్క చెవులు నిమురుతూ నెమ్మదిగా జవాబిచ్చాడు.

"గట్లనే అమ్మా. అది ఏడికి పోతే నేను గాడికే పోత."

పుండు మీద కారం చల్లినట్టు ఏమిటీ మాటలని ఓనరమ్మతో పోట్లాడదామనుకున్నాను. కానీ మామ అన్న మాట విని ఆగిపోయాను. ఆయన బెదిరించడం లేదు. రేపు సంతకు పోతానన్నంత మామూలుగా చెప్పాడు. కుక్కను ఎక్కడ వదిలితే అక్కడ, ఏ లారీల రోడ్డు పక్కనైనా, ఈయన గొంగడి పరుచుకుని కూర్చుంటాడని నాకు తెలిసిపోయింది.

మర్నాడే మా ఆయన సైకిల్ క్యారియర్‌కు కూరగాయల గంప కట్టి, కుక్కను గోనెపట్టాలో చుట్టి అందులో కూర్చోబెట్టి, పటాన్‌చెరు పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. బస్సులో కండక్టరు ఎక్కనివ్వలేదు మరి. అక్కడి డాక్టరు బర్రెల మధ్య కుక్కను చూసి మొదట నవ్వాడట, పుండు చూశాక నవ్వడం మానేశాడట. పురుగులన్నీ ఏరించి, ఊదారంగు నీళ్లతో కడిగించి, ఒక మలాము ఇచ్చి పంపాడు. రోజూ పొద్దున ఒక్కసారి కడిగి మలాము రాయాలి, ఆ తర్వాత ముట్టకూడదు, తడి తగలకూడదు, గాలికి ఎండాలి. ఇంతే వైద్యం. ఆ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి మా ఆయన నన్ను లేపి ఈ మాటలు చెప్పాడు.

నేను చెప్పినట్టే చేశాను. చీకటితో లేచి నీళ్లు కాచి, పాత చీరపేలికతో కుక్క మూతికి మెత్తగా కట్టు కట్టేదాన్ని, నొప్పికి పళ్లు దించకుండా. మామ దాని తలను ఒళ్లో పెట్టుకునేవాడు. నేను కడుగుతుంటే అది కట్టిన మూతిలోంచే చిన్నగా మూలిగేది గానీ ఒక్కసారి కూడా కదిలేది కాదు. మలాము రాసి, శుభ్రంగా ఉన్న పుండును చూసి, ఇక తగ్గుతుందిలే అనుకుంటూ డ్యూటీకి పోయేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే నా మలాము జాడే ఉండేది కాదు. పుండు చుట్టూ జిడ్డు, పసుపు, ఏదో పొడి, పచ్చటి పసరు. చిత్తడి చిత్తడిగా ఉండేది.

"ఏంది మామా ఇది, ఏడన్న బొర్లిందా?" అని అడిగితే "ఏమో బిడ్డా" అని తల దించుకునేవాడు. ముసలాయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఈ దరిద్రపుది పోయి ఓనరమ్మ పెంటకుప్పలో పొర్లి వస్తోందని నేను తీర్మానించుకున్నాను. దాన్ని తిట్టుకుంటూ మళ్లీ నీళ్లు కాచి కడిగి మళ్లీ మలాము రాసేదాన్ని. డాక్టరు ఒక్కసారే అన్నాడు, నిజమే, కానీ ఆ మురికి చూస్తూ ఎట్లా ఊరుకుంటాం? రోజులు గడుస్తున్నాయి, పురుగులు మళ్లీ పడలేదు గానీ పుండు ఎండడం లేదు. అంచులు తెల్లగా ఉబ్బి, ఎప్పుడూ నీళ్లలో నానిన వేళ్లలా ఉండేవి. అమావాస్య దగ్గరపడుతోంది. మామ బుగ్గలు లోపలికి పోయాయి. నేను షెడ్డులో మాత్రలు లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయి సూపర్‌వైజరుతో తిట్లు తినేదాన్ని.

ఆ వారంలో కరెంటు సబ్‌స్టేషన్‌లో ఏదో కాలిపోయింది. మా చుట్టుపక్కల కంపెనీలన్నీ ఒకేరోజు బంద్. అలాంటిది ఎప్పుడో గానీ జరగదు. పొద్దున సైరన్ మోగకపోతే నాకు దిక్కు తోచలేదు. వరుసలోని అన్ని తలుపులూ ఒకేసారి తెరిచి ఉన్నాయి, అందరూ గుమ్మాల్లో కూర్చుని వేపపుల్లలు నములుతున్నారు. వీళ్లంతా ఇక్కడే ఉంటారా అన్నట్టు ఒకరినొకరం చూసుకున్నాం.

నేను నా ఊదారంగు నీళ్ల గిన్నె పట్టుకుని పందిరి దగ్గరికి పోయాను. అప్పటికే ఒరిస్సా మనుషుల్లో ఒకాయన వేపాకు మరిగించిన నీళ్లతో, కర్పూరం కలిపిన ఆవనూనెతో అక్కడ ఉన్నాడు. నన్ను చూసి తడబడ్డాడు. నేను ఇదేమిటని అడిగేలోపు అవతలి నుంచి ఫిట్టరు వచ్చాడు, చేతిలో పుండ్ల మీద చల్లే పొడి డబ్బా. వాళ్లిద్దరి వెనక మా ఆయన, కళ్లు నులుముకుంటూ, నూరిన సీతాఫలం ఆకు ముద్దతో. ఊళ్లో ఎడ్ల పుండ్లకు అదే పెట్టేవాళ్లు. డాక్టరు మాట నాకు చెప్పింది తానే అయినా, ఆయన నమ్మకం ఆ ఆకు మీదే. నలుగురం నాలుగు గిన్నెలతో కుక్క చుట్టూ నిలబడ్డాం. అప్పుడే, పూజ ముగించుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని, ఒక చేతిలో పసుపు ముద్ద, ఇంకో చేతిలో బొంతపల్లి వీరభద్రుని విభూతి పట్టుకుని, అమావాస్య గడువు పెట్టిన మా ఓనరమ్మ వచ్చింది.

"గట్ల చూస్తరేంది," అన్నది మమ్మల్ని చూసి. "పాపమనిపించి పెడుతున్న. దానికిప్పుడేమంటరు?"

ముందు నవ్వింది ఫిట్టరు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. సగం హిందీలో, సగం తెలుగులో లెక్క తేలింది. నేను కడిగి మలాము రాసి డ్యూటీకి పోగానే నైట్ షిఫ్టు వాళ్లు వచ్చి, ఎవరో ఏదో పూశారే పాపమని కడిగి నూనె రాసేవాళ్లు. పొద్దెక్కాక ఓనరమ్మ ఆ జిడ్డు కడిగి పసుపు, విభూతి. మధ్యాహ్నం మా ఆయన డ్యూటీకి పోయే ముందు ఆ పసుపు కడిగి సీతాఫలం పసరు. మూడింటికి ఫిట్టరు వచ్చి పసరు కడిగి పొడి. సాయంత్రం నేను వచ్చి పొడి కడిగి మళ్లీ మలాము. ప్రతి ఒక్కరం ముందు పూసినదాన్ని మురికి అనుకున్నాం. ఎవరం ఎవరికీ కనబడలేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. మా ప్రేమ ఎక్కువై ఆ పుండు ఎండకుండా పోయింది.

నవ్వు తగ్గాక నాకు కోపం వచ్చింది, మామ మీద. రోజంతా కుక్క తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ఇదంతా చూస్తూనే ఉన్నాడు కదా. పశువుల మధ్య పుట్టి పెరిగినవాడు, పుండు తడవకూడదని ఆయనకు తెలియదా? అందరూ పోయాక అడిగాను, కొంచెం గట్టిగానే అడిగాను.

మామ కుక్క మీద ఈగలు తోలుతూ అన్నాడు: "పాణం పెట్టి మందు తెచ్చినోల్ల చెయ్యి ఎట్ల ఆపుత బిడ్డా? ఊర్లె గట్ల ఆపరు. ఎవలు తెచ్చినా పెట్టనియ్యాలె."

అది నాకు తెలుసు. మా ఊళ్లో బాలింతకైనా, బర్రెకైనా, ఎవరు ఏ మందు తెచ్చినా వద్దనకూడదు. వద్దంటే తెచ్చినవాళ్ల చేతిని అవమానించినట్టు. పది మంది పది రకాలు తెస్తారు, పదీ వాడాలి. కానీ ఊళ్లో ఆ పది మందీ ఒకే అరుగు మీద కూర్చుంటారు, ఒకరు పెట్టింది ఇంకొకరు చూస్తారు, నిన్న నేను పెట్టాను ఇవాళ నువ్వు ఆగు అనుకుంటారు. ఇక్కడ అరుగు లేదు, షిఫ్టులున్నాయి. ఇది మామకు ఎవరూ చెప్పలేదు.

"మల్ల," అన్నాడు, "మందు పెట్టెతందుకు ఒచ్చినోల్లు జెరసేపు కూసుంటున్నరు. ఆ ఒరిస్సా ఆయన, వాళ్ల ఊర్ల వరి ఎట్ల ఏస్తరో చెప్తడు. నాకు సగమే సమజయితది. మంచిగుంటది."

ఆ మాట విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన వచ్చి ఏడాది అయింది. పొద్దున నేను, మధ్యాహ్నం మా ఆయన, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేవాళ్లం. తింటున్నాడా లేదా అని చూశాం గానీ ఆయనతో ఎవరు మాట్లాడుతున్నారని మేము అనుకోనేలేదు. కుక్కకు పుండైతే తప్ప ఆయన దగ్గర కూర్చునేందుకు మనుషులు దొరకలేదు. పుండు మానాలి, మనుషులు పోకూడదు. ఆ రెండూ ఎట్లా కుదురుతాయో నాకు అర్థం కాలేదు.

దారి చూపింది మా ఆయనే. కంపెనీలో ఒక పద్ధతి ఉంది. తన తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి మిషన్ దగ్గర నిలబడేదాకా ఎవరూ మిషన్ వదలకూడదు. వదిలేటప్పుడు మిషన్ ఎట్లా నడుస్తోందో నోటితో చెప్పి పోవాలి. వచ్చినవాణ్ణి రిలీవరు అంటారు. ఇక్కడా అట్లనే చేద్దామన్నాడు. పొద్దున మలాము రాసే చెయ్యి ఒక్కటే, మామది. మిగతా అందరం రిలీవర్లం. వచ్చి కూర్చోవాలి, ఈగలు తోలాలి, పుండు ముట్టకూడదు. పోయేటప్పుడు వచ్చినవాళ్లకు చెప్పి పోవాలి. ఓనరమ్మ మొదట ఒప్పుకోలేదు, దేవుని విభూతికి షిఫ్టు ఏమిటంది. చివరికి విభూతి కుక్క నుదుటికి పెట్టవచ్చునని ఒప్పందం కుదిరింది.

ఈగలు వాలకుండా నేను ఒక ఉపాయం చేశాను. మా ఆయన కంపెనీ వాళ్లిచ్చిన పాత నీలం చొక్కా ఒకటి మోచేతుల దగ్గర పలచబడి మూలన పడి ఉంది. చేతులు కత్తిరించి, బొత్తాలు వీపు మీదికి వచ్చేటట్టు కుక్కకు తొడిగాను. బొత్తాలు విప్పితే మలాము రాయవచ్చు, పెట్టేస్తే ఈగ దూరదు, గాలి మాత్రం ఆడుతుంది. ముందుకాళ్లు చొక్కా చంకల్లోంచి బయటికి వచ్చాయి, కంపెనీ బొమ్మ ఉన్న జేబు పక్కటెముకల మీదికి వచ్చింది. దాన్ని చూసి వరుసంతా పగలబడి నవ్వింది. ఫిట్టరు ఏళ్లుగా కాంట్రాక్టు కింద పనిచేస్తూ పర్మినెంటు కోసం ఎదురుచూస్తున్నాడు. తనకు రాని యూనిఫారం దీనికొచ్చిందని, ఇది పైరవీతో దొరికిన పర్మినెంటు అని రోజూ దాన్ని ఎత్తిపొడిచేవాడు. ఒరిస్సా మనుషులు డ్యూటీ నుంచి వస్తూ దానికి సలాం కొట్టేవాళ్లు. అది వాళ్ల వైపు ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేది.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా మనసు తేలికపడుతుంది. ఆ కట్టెల పందిరి మాకు అరుగైంది. నేను సాయంత్రం వచ్చేసరికి ఫిట్టరు ఈగలు తోలుతూ మామతో పాత కాలపు వానల గురించి మాట్లాడుతుండేవాడు. నన్ను చూసి లేచి "ముట్టలేదక్కా, పొద్దటి మలామే ఉన్నది, నీళ్లు తాగింది" అని అప్పజెప్పి పోయేవాడు. ఓనరమ్మ తన బియ్యం చేట అక్కడికే తెచ్చుకుని రాళ్లు ఏరుకునేది. అమావాస్య వచ్చింది, పోయింది. ఆమె దాని ఊసే ఎత్తలేదు. "నీ కుక్క తిన్నదా?" అని మాత్రం మామను అడిగింది. కుక్క తిన్నది. ఆ రోజు మామ కూడా రెండు రొట్టెలు తిని, ఇంకొకటి ఉందా అని అడిగాడు.

పుండు ఎండింది. మొదట పైన పక్కు కట్టింది, తర్వాత అది అంచుల నుంచి లేచి రాలిపోయింది, కింద గులాబీ రంగు కొత్త తోలు వచ్చింది. అక్కడ మాత్రం వెంట్రుకలు మొలవలేదు. చొక్కా విప్పేసిన రోజున ఓనరమ్మ అందరికీ చాయ్ పోసింది. బొంతపల్లి వీరభద్రునికి తాను మొక్కినందువల్లే తగ్గిందని ఆమె, వేపాకు వల్లేనని ఒరిస్సా వాళ్లు, సీతాఫలం ఆకు సత్తువ ముందే లోపలికి దిగిందని మా ఆయన. నేను వాదించలేదు.

ఆ వారం నాకు సెలవు దొరికిన రోజున, చాయ్ తాగి కప్పు కింద పెడుతూ మామ అన్నాడు, "చేనుకు పోయొస్త బిడ్డా." ఇన్ని రోజులు ఆయన పోలేదు, ఇక పోడనే అనుకున్నాను. కుక్క అప్పటికే లేచి ఒళ్లు విరుచుకుంటోంది. ఆ ముళ్లతీగ, ఆ కొత్త తోలు. వద్దని చెప్పే నోరు రాలేదు, ఒంటరిగా పంపే ధైర్యమూ లేదు. నేనూ వస్తానన్నాను. ఆయన కట్టె తీసుకున్నాడు.

లారీలు తగ్గేదాకా ఆగి పెద్ద రోడ్డు దాటాం. కంపెనీల వెనక సన్నని తోవ, రెండు పక్కలా తంగేడు. కుక్క ముందు, మామ వెనక, ఆయన వెనక నేను. వానలకు లోపల గడ్డి నడుమెత్తు పెరిగి బావి ఒర కూడా కనబడడం లేదు. ఎవరూ ఏమీ కట్టలేదు, ఎవరూ ఏమీ వేయలేదు. ఇంత మంచి నేల ఇట్లా పడావు పడి ఉంటే నాకే చూడబుద్ధి కాలేదు, ఆయనకెట్లా ఉందో మరి.

కుక్క ఆగలేదు. ఎప్పటిలాగే తల వంచి, ముందుకాళ్లు చాచి, తీగ కిందికి దూరబోయింది. ముల్లు దాని వీపు మీది కొత్త తోలుకు వేలెడు పైన ఉంది. నేను అరవబోయాను.

"ఓయ్," అన్నాడు మామ. "ఇటు రా. అది మనది గాదు."

కుక్క సగం దూరి ఆగింది. అక్కడికి వచ్చాక దాన్ని అంతకు ముందెప్పుడూ ఎవరూ వెనక్కి పిలవలేదు. తల తిప్పి ఆయన వైపు చూసింది. మామ మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా, చంటిబిడ్డకు చెప్పినట్టు. "మనది గాదు. పోయింది. రా."

అది పొట్ట నేలకానించి వెనక్కి జరిగి వచ్చింది. మామ వంగి దాని వీపు తడిమి, ఎక్కడా గీత పడలేదని చూసుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. చేను పోయిందని మా ఇంట్లో ఎవరం ఆయనతో అనలేకపోయాం. ఆయనా కొడుకులతో అనలేదు, ఊళ్లో అనలేదు, భూమి రాసిచ్చి వచ్చిన నాడు కూడా అనలేదట. దాని వీపు మళ్లీ తెగకూడదని, ఆ మాట కుక్కకు చెప్పాడు.